నీళ్ళు చూసే మనిషి

మొన్న మంగళవారం ఉదయం తొమ్మిదీ పదికి దీవి నుంచి నర్సమ్మ ఫోన్ చేసింది.

"మేడం, మన ప్లాన్ కాగితంలో ఒక పేరు మార్చాలంట. సాయంత్రం లోపల పంపమన్నారు."

"ఏ పేరు?"

"నీళ్ళు చూసే మనిషి అని ఒక గడి పెట్టారు కదా, ఆ గడిలో పేరు. ఆమె పోయింది మేడం. మీకెవరూ చెప్పలేదా?"

ఎవరూ చెప్పలేదు. ఎప్పుడని అడిగాను. గురువారం పొద్దున కూర్చున్నచోటే ఒరిగిపోయిందట. మొన్న గురువారం కాదు, అంతకుముందుది. ఆదివారం నాడు పదకొండో రోజు కూడా చేసేశారట. అంటే చనిపోయిన రోజుతో కలిపి పదమూడు రోజులు నేను ఆమె ఉందనుకుంటూనే తిరిగాను. ఆ పదమూడింటిలో రెండుసార్లు ఆమెకు ఫోన్ చేద్దామనుకుని మానుకున్నాను కూడా.

అరగంటలో పేరు చెబుతానని ఫోన్ పెట్టేశాను. నోటుబుక్కు తీశాను, మూశాను. వంటింట్లోకి వెళ్ళి ఎందుకు వెళ్ళానో తెలియక తిరిగొచ్చాను. ఆమె గురించి నా దగ్గర ఉన్న వివరాలు చూద్దామని మళ్ళీ తెరిస్తే వయసు మూడు చోట్ల మూడు రకాలుగా ఉంది. ఒకచోట యాభై, ఒకచోట అరవై రెండు, ఒకచోట "నీకంటే చిన్నదాన్నే, రాసుకో". ముప్పై రెండేళ్ళు ఆసుపత్రుల లెక్కలు రాసినదాన్ని. ఒక మనిషికి మూడు వయసులు ఉండనిచ్చింది ఈమె ఒక్కతే.

ఆమెది పులికాట్ సరస్సులోని దీవి. తడ వైపు నుంచి పడవెక్కాలి. చేత్తో రొయ్యలు పట్టడం ఆమె పని. అక్కడి ఆడవాళ్ళు నీళ్ళలో గొంతుక్కూర్చుని రెండు చేతులతో అడుగు బురదంతా తడుముతారు. తాటాకు బుట్ట వీపు మీద వేలాడుతుంటుంది, దాని తాడు పళ్ళ మధ్య ఉంటుంది. చేతికి తగిలిన రొయ్యను వెనక్కి చూడకుండా బుట్టలో వేస్తారు. చిన్నతనం నుంచి తాడు కరిచిపట్టుకున్న దవడ కాబట్టి ఆమె బుట్ట లేనప్పుడు కూడా పళ్ళు విడదీయకుండా మాట్లాడేది. మొదటి రోజు నా మీద కోపంగా ఉందనుకున్నాను. రెండో రోజూ అలాగే అనుకున్నాను. మూడో రోజు అదే పళ్ళ సందు నుంచి పాట కూనిరాగం తీస్తుంటే అప్పుడు అర్థమైంది. నవ్వు వస్తే ముక్కులోంచి నవ్వేది. కింది పళ్ళు రెండింటి మధ్య తాడు అరగదీసిన చిన్న గాడి ఉండేది. తమలపాకు ఈనె ఆ గాడిలో పెట్టుకుని చాలాసేపు ఉంచుకునేది.

దూరం అనే మాట ఆమెకు పట్టేది కాదు. మా ఊరు కొడవలూరు నుంచి వచ్చానంటే "ఎంత లోతు?" అని అడిగింది. నెల్లూరు దాకా బస్సు, అక్కడి నుంచి తడకు ఇంకో బస్సు అని చెప్పాను. "నీళ్ళే లేవా మధ్యలో?" అని జాలిగా చూసింది. కాలం కూడా లోతుతోనే చెప్పేది. కూతురు మొల లోతులో పుట్టింది. కొడుకు చీలమండలప్పుడు పుట్టాడు. మొగుడు పోయింది రొమ్ము లోతులో. మొదట నేను ఆయన నీళ్ళలో పడి పోయాడని రాసుకున్నాను. తర్వాత తెలిసింది, ఆయన ఇంట్లో మంచం మీద జ్వరంతో పోయాడు. రొమ్ము లోతు అంటే కార్తికం.

నర్సమ్మ ఆమె చేతికి పట్టీ చుట్టి రక్తపోటు చూసినప్పుడు నేను పక్కనే ఉన్నాను.

"ఎంతుండాది?"

"నూట డెబ్భై" అంది నర్సమ్మ.

"నూట డెబ్భయ్యా? ఇంగ మునిగినట్టే" అని ముక్కుతో నవ్వింది. మాత్రలు ఇస్తే కొంగున ముడేసుకుంది. వేసుకుందో లేదో చెప్పలేను. ఎన్నిసార్లు అడిగినా "ఉండాయి" అనేది. వేసుకుంటే ఉండవు కదా అంటే "అందుకే ఉండాయి" అనేది.

పడవలో సరిగ్గా కూర్చునేది కాదు. నీళ్ళు మొల కంటే తక్కువ ఉన్నాయంటే అసలు ఎక్కేది కాదు. అంచు పట్టుకుని పక్కన నడిచొచ్చేది. ఎక్కమ్మా అంటే, "నేను ఎక్కితే అది కూర్చుంటాది. నువ్వు కూర్చో, నీకు అలవాటు లేదు" అనేది.

ఇక ప్లాన్ సంగతి. నేను రిటైరయ్యాక, దీవివాళ్ళకు కనీసం వైద్యం అందేలా ఒక పద్ధతి రాసివ్వమని తెలిసిన డాక్టరుగారు అడిగారు. ఇళ్ళు నేనే లెక్కపెట్టాను, తొంభై నాలుగు. ఒక గది, వారానికి రెండు రోజులు వచ్చే నర్సు, పెట్టెలో ఎప్పుడూ ఉండవలసిన మందుల పట్టిక, అత్యవసరానికి ఒక పడవ. వీటన్నిటికంటే నేను ఎక్కువ ఆలోచించింది ఒడ్డున అద్దెకు తీసుకునే గది గురించి. దారి తెగిపోయే నెలల్లో ఎనిమిదో నెల, తొమ్మిదో నెల గర్భిణులు ముందే వచ్చి ఆ గదిలో ఉంటారు. నొప్పులు మొదలయ్యాక దాటించే పని ఉండదు. ఎవరూ కాదనలేని ఏర్పాటు. తెలియవలసింది ఒక్కటే, దారి ఏ నెలల్లో తెగిపోతుందో.

ఆ ప్రశ్న నర్సమ్మ ఇంటింటికీ వెళ్ళి అడిగి రాసుకొచ్చింది. ఐదో ప్రశ్న అది. "దారి ఎప్పుడు ఉండదు?" కాగితాలు కొడవలూరు తెచ్చుకుని బల్ల దగ్గర కూర్చుని చదివాను. ఒకదాని తర్వాత ఒకటి అదే జవాబు: "నీళ్ళు లేనప్పుడు."

నర్సమ్మది బిట్రగుంట, రైల్వేవాళ్ళ అమ్మాయి, ఉద్యోగానికి కొత్త. "ఉన్నప్పుడు" అని రాయబోయి "లేనప్పుడు" అని రాసిందనుకున్నాను. నేను పుట్టి పెరిగిన ఊళ్ళో కాలువ పొంగి చప్టా మీదికి నీళ్ళొస్తే బడి ఉండేది కాదు. నీళ్ళొస్తే దారి పోతుందన్నది నాకు ఎక్కాల కంటే ముందు తెలుసు. ఎర్ర పెన్సిలు తీసుకుని డెబ్భై ఒక్క కాగితాల్లో "లేనప్పుడు" కొట్టేసి "ఉన్నప్పుడు" అని రాశాను. మిగతా ఇరవై మూడు ఇళ్ళవాళ్ళు "తెలీదు" అన్నారు కాబట్టి వాటి జోలికి పోలేదు. తర్వాత నర్సమ్మకు ఫోన్ చేసి, చూసుకుని రాయాలి కదమ్మా అని మందలించాను. ఆ పిల్ల "సరే మేడం" అంది.

డెబ్భై ఒక్కచోట్ల ఒకేలా వచ్చింది పొరపాటు కాదని, నా కింద పనిచేసినవాళ్ళకు ఏళ్ళ తరబడి నేనే చెప్పాను. ఆ రోజు నాకది తోచలేదు.

ఒడ్డు మీది గది ఆశ్వయుజం నుంచి మార్గశిరం దాకా తెరిచి ఉంచాలని ప్లానులో రాశాను. అలాగే తెరిచారు. ఆ మూడు నెలల్లో అక్కడికి ఒక్కరు కూడా రాలేదు. నీళ్ళున్నప్పుడు నొప్పులొస్తే పడవలో వచ్చెయ్యొచ్చు కదా, ముందే ఎందుకొస్తారు. జాగ్రత్త తెలియని మనుషులని నేను ఒక కాగితం మీద రాశాను కూడా. ఆ కాగితం ఇంకా ఉంది.

చైత్రం చివర్లో, గదికి తాళం వేసి ఉన్నప్పుడు, దీవిలో సుజాత అనే అమ్మాయికి నొప్పులు మొదలయ్యాయి. రొయ్యలు పట్టే ఆమె ఇంటి పక్కిల్లే. తొలిచూలు. నొప్పులతో పాటు రక్తం. పడవ నాలుగో వంతు దూరం వచ్చి బురదలో కూర్చుండిపోయింది. పడవ కదలడానికి నీళ్ళు లేవు, నడవడానికి నేల గట్టిపడలేదు. దిగినవాళ్ళు తొడల దాకా దిగబడతారు. ఏటా ఒక నెలో నెలన్నరో అలా ఉంటుందట. రొయ్యలామె, మరో అయిదుగురు ఆడవాళ్ళు పడవకు తాడు కట్టి బురదలో ఈడ్చారు. చేతులు బురద మీద ఆన్చుకోవడానికి కావాలి కాబట్టి తాడు పళ్ళతో పట్టిందట ఆమె. ఒడ్డు చేరేసరికి నాలుగు గంటలు పట్టింది. సుజాత బతికింది. బిడ్డ బతకలేదు.

ఎనిమిదో రోజు ఉదయం రొయ్యలామె కొడవలూరులో మా గుమ్మం ముందు ఉంది. ఒక్కతే వచ్చింది.

"ఇల్లెలా తెలిసింది?"

"లెక్కలామె ఇల్లు ఏదంటే చూపించినారు. కాగితాలు తియ్యక్కా. నేను చెప్పింది చదువు."

అప్పటిదాకా మేడం అనేది. అక్కా అనడం అదే మొదలు. కుర్చీ వేస్తే దాని పక్కన నేల మీద గొంతుక్కూర్చుంది. పెదవి చివర వాచి ఉంది. ఆమె ఇంటి కాగితం వెతికి తీశాను.

"ఐదో ప్రశ్న. దారి ఎప్పుడు ఉండదు? నీళ్ళు ఉన్నప్పుడు."

"నేనట్టా చెప్పలా."

"నువ్వు చెప్పినట్టే రాసి ఉంది ముందు. నేను దిద్దాను."

"ఎందుకు దిద్దినావు?"

"తప్పనుకున్నాను."

"నాదొక్కటేనా, అందరిదీనా?"

"అందరిదీ."

తిడుతుందని ఎదురుచూశాను. తిట్టి ఉంటే బాగుండేది. ఆమె గుమ్మంలోంచి రోడ్డవతల వరి మడి వైపు చూసింది. మడినిండా నీళ్ళున్నాయి. అటే చూస్తూ అడిగింది.

"మీ ఊళ్ళో నీళ్ళొస్తే దారి పోతాదా?"

"పోతుంది."

"అట్టనా. మరి కాన్పులకి ఎట్టా పోతారక్కా మీరు?"

ఎత్తిపొడుపు కాదు. నిజంగానే అడిగింది. మా ఊరి ఆడవాళ్ళ గురించి ఆమెకు బెంగ కలిగింది. నేను ఆ కాగితం మడిచి కట్టలో పెట్టాను.

"సరే, రాయి" అంది.

కొత్త పట్టిక గీశాను. ఏ నెల నుంచి ఏ నెల దాకా అని నేనడిగాను. నెలతో పని లేదంది. వానలు బాగా పడిన ఏడు వైశాఖం దాకా పడవ తిరుగుతుంది, పడని ఏడు ఫాల్గుణానికే కూర్చుంటుంది. "తొడ లోతుకి దిగినాయంటే కడుపుతో ఉండే పిల్లల్ని పంపించెయ్యాల. మోకాలికొస్తే ఇంగ పడవ నమ్మకూడదు." నీళ్ళున్నన్నాళ్ళూ నర్సు వచ్చిపోతే చాలు. బురద రోజుల్లో మాత్రం నర్సు దీవిలోనే కాపురం ఉండాలి. నేను రాసిన దానికి ప్రతిదీ తలకిందులు.

మోకాలు అంటే కాగితానికి అర్థం కాదు, అంగుళాల్లో కావాలన్నాను. లేచి నిలబడి చీర పైకి లాక్కుంది. టేపు తెచ్చి నేల మీద కూర్చుని కొలిచాను.

"కదలకు."

"గిలిగా ఉండాది. నీ చేతులు చల్లగా ఉండాయి."

నేల నుంచి మోకాలికి పదిహేడున్నర అంగుళాలు. తొడ మధ్యకు ఇరవై మూడు. రెండుసార్లు కొలిచాను. తేడా రాలేదు. ఆమె కాళ్ళ నిండా ఆల్చిప్పలు కోసిన గీతలు, పాతవీ కొత్తవీ. కొత్తవి పడవ ఈడ్చిన రోజువని అడక్కుండానే తెలిసింది.

ఈ మాట ఎవరు చెప్పాలి, నీళ్ళు దిగాయని? నర్సమ్మకు తెలియదు, పైగా నర్సులు మారిపోతూ ఉంటారు. "నీళ్ళు చూసే మనిషి" అని ఒక గడి గీసి ఆమె పేరు రాశాను.

"పేరెందుకు? అందరం చూస్తానే ఉంటాము కదా."

"గడి ఒకటే ఉంది. ఒక పేరే పడుతుంది."

"నీ ఇష్టం" అంది. టీ తాగింది. అన్నం తినమంటే ఉండనంది. గుమ్మం దాటుతుంటే అడిగాను, సుజాత ఎలా ఉందని.

"పాలొస్తా ఉండాయి. గుడ్డ కట్టుకోని కూర్చోని ఉండాది."

అంతే చెప్పి బస్సు కోసం వెళ్ళిపోయింది. నేను ఆ రోజు డెబ్భై ఒక్క కాగితాల్లోనూ ఎర్ర పెన్సిలు గీతలు రబ్బరుతో చెరిపాను. పూర్తిగా పోలేదు.

నిరుడు నీళ్ళు ఆమే చూసింది. ఒక ఉదయం నర్సమ్మ ఫోన్ నుంచి పిలుపొచ్చింది. ఎత్తగానే "తొడ" అని ఒక్క మాట అని పెట్టేసింది. ఆ వారంలోనే ముగ్గురు ఆడపిల్లలు ఒడ్డు మీది గదికి వచ్చారు. ముగ్గురికీ బిడ్డలు పుట్టారు, ముగ్గురూ బాగున్నారు. పద్నాలుగు రోజుల తర్వాత మళ్ళీ ఫోన్. "మోకాలు." ఆ రోజు నర్సమ్మ పెట్టె సర్దుకుని దీవికి కాపురం వెళ్ళింది.

అరగంటన్నది గంట కావస్తోంది. ఆమె గడిలో ఎవరి పేరు రాయాలో నాకు తెలియలేదు. పదీ అయిదుకి నేనే నర్సమ్మకు ఫోన్ చేశాను.

"అక్కడివాళ్ళనే ఎవరినైనా అడిగి చెప్పు" అన్నాను.

"అడిగాను మేడం. ఎవరూ ముందుకు రావడం లేదు. నీళ్ళ సంగతి ఆమెకే తెలుసు, మాకేం తెలుసు అంటున్నారు."

పుట్టినప్పటి నుంచి ఆ నీళ్ళలో నిలబడి బతుకుతున్నవాళ్ళు అంటున్న మాట అది. నాకు చిరాకేసింది. ఏదో ఒకటి మాట్లాడాలని, దినాలకు ఎవరెవరు వచ్చారని అడిగాను.

"తమిళనాడు వైపు చుట్టాలు చాలామంది వచ్చారు మేడం. పాపం ఆడవాళ్ళు మధ్యలో పడవ దిగి నడవాల్సొచ్చిందట. కొత్త చీరలకు బురద పట్టిందని ఒకటే గోల."

నేను కూర్చున్నదాన్ని లేచాను.

"ఎంత లోతు?"

"ఏమిటి మేడం?"

"వాళ్ళు దిగినచోట నీళ్ళు ఎంత లోతున్నాయి?"

నర్సమ్మ పక్కన ఎవరినో అడిగింది. ఒక ముసలాయన గొంతు వినిపించింది. మోకాలికి కాస్త ఎగువట. అది ఆదివారం. మేం మాట్లాడుతున్నది మంగళవారం. ఎండలు ముదిరాయి. ఈ ఏడు వానలూ అంతంతమాత్రమే. ఇంకా ఫాల్గుణమే కదా అని నేనూ నిశ్చింతగా ఉన్నాను.

"దీవిలో నెలలు నిండుతున్నవాళ్ళు ఎవరున్నారు?"

"ఒక్కతే మేడం, సుజాత. ఎనిమిది నిండాయి."

"నీళ్ళు దిగాయని ఎవరూ నీకు చెప్పలేదా? అంతమంది చూశారు కదా."

మళ్ళీ పక్కకు తిరిగి అడిగింది. ఈసారి ముసలాయన జవాబు నాకే వినిపించింది. "చెప్పేది ఆమె కదమ్మా. ఇంకా చెప్పలేదని ఊరుకున్నాము."

ఒక్క గడి గీసి ఒక్క పేరు రాసింది నేను. ఆ రోజు నుంచి తొంభై నాలుగు ఇళ్ళవాళ్ళు నీళ్ళను చూస్తూ చూడడం మానేశారు. మొదటిసారి వాళ్ళ మాట కొట్టేశాను. రెండోసారి ఒక్కరి మాటే మిగిల్చాను.

"ఇప్పుడే పడవెక్కించు" అన్నాను.

"ఆ గడిలో పేరు లేకుండా ఒడ్డున గది తాళం ఇవ్వరు మేడం. చెప్పినవాళ్ళ పేరు అడుగుతారు."

"నా పేరు రాయి. నీళ్ళు తొడ కిందికి దిగాయని ఇవాళ పది గంటలకు నేను చెప్పానని రాయి."

"మీరు కొడవలూరులో ఉన్నారు కదా."

"రాయమ్మా."

వంద కిలోమీటర్లకు పైగా దూరంలో కూర్చుని నీళ్ళు చూశానని రాయించాను. నా సర్వీసులో నేను చూడని అంకె ఒక్కటి కూడా వేయలేదు. నర్సమ్మ రాసుకుంది. పెన్ను కాగితం మీద కదిలిన చప్పుడు విన్నాను.

తర్వాత చేయడానికి ఏమీ లేదు. పన్నెండింటికి ఫోన్ చేశాను, ఎత్తలేదు. పన్నెండూ ఇరవైకి చేశాను, అందుబాటులో లేదంది. నిండు నీళ్ళలో ఆ దూరం ముప్పావుగంట. అన్నం వండాను, తినలేదు. దీవి పటం తీసి చూశాను. మూడేళ్ళ కిందట నేను గీసినది, దాని మీద లోతులు లేవు. ఒంటిగంటకు బట్టలు మార్చుకుని బస్సుకు బయల్దేరదామని గేటు దాకా వెళ్ళాను. నేను వెళ్ళి ఏం చేస్తానని వెనక్కి వచ్చాను. మళ్ళీ వెళ్ళాను.

ఒకటీ నలభైకి ఫోన్ మోగింది. నర్సమ్మ. రొప్పుతోంది. తాళం తీశారని, సుజాత గదిలో కూర్చుందని చెప్పింది. మందుల పెట్టె తీసుకుని తాను వెంటనే వెనక్కి పోవాలని, పడవవాళ్ళు తొందర పెడుతున్నారని, ఇప్పుడు ఎక్కకపోతే మళ్ళీ దీవికి చేరడం కష్టమంటున్నారని చెప్పింది. వెళ్ళమన్నాను. ఫోన్ ఒక్క నిమిషం సుజాతకు ఇవ్వమన్నాను.

ఆ అమ్మాయితో నేను మాట్లాడడం అదే మొదటిసారి. బిడ్డ పోయినప్పుడు మాట్లాడవలసింది. మాట్లాడలేదు.

"దిగినామక్కా" అంది. గొంతు చిన్నది.

"పడవ ఎక్కడైనా ఆగిందా?"

"రెండు చోట్ల. అందరూ దిగి తోసినారు. నన్ను దిగనీలా."

"నొప్పి ఏమైనా ఉందా?"

"లేదు. లోపల తిరుగుతా ఉండాడు."

ఏదో ఒకటి అడగాలి. నాకు వచ్చింది లెక్కే.

"మధ్యలో నీళ్ళు ఎంత ఉన్నాయమ్మా?"

రాసుకోవడానికి పెన్సిలు తీశాను.

"చూడలా అక్కా. ఆ చోటు దగ్గరికొచ్చేసరికి కళ్ళు మూసుకున్నా. దాటినామని వాళ్ళు చెప్పినాక తెరిచినా."